రేవు లేని లంకలు: డైకటానా ఎక్కడ మునిగింది, ఇప్పుడు ఎలా ఆడాలి

డైకటానా అనే కంప్యూటర్ ఆట పేరెత్తితే చాలామంది చెప్పే కథ ఒకటే. డూమ్, క్వేక్ ఆటల్ని తీర్చిదిద్దినవాళ్లలో ఒకరైన జాన్ రొమేరో 1996లో ఐడీ సాఫ్ట్‌వేర్ నుంచి బయటికొచ్చారు. డాలస్‌లో అయాన్ స్టార్మ్ అనే కంపెనీ పెట్టారు. 1997లో పత్రికల్లో ఎర్రటి పేజీ మీద ఆటగాళ్లను బూతుమాటతో సవాలు చేస్తూ ప్రకటన వచ్చింది. అదే ఏడాది క్రిస్మస్‌కు వస్తుందన్న ఆట 2000 మేలో వచ్చింది, వచ్చీరాగానే చీవాట్లు తింది. గర్వానికి తగిన శాస్తి అనేసి అందరూ పుస్తకం మూసేశారు.

కథలో అబద్ధమేమీ లేదు. ఆ ప్రకటన గురించి 2010లో రొమేరోయే బహిరంగంగా క్షమాపణ చెప్పారు. కానీ ఆట ఎందుకు బాగోలేదన్న ప్రశ్నకు ఈ కథలో జవాబు దొరకదు. ప్రకటన రాసిన తీరు వల్ల ఆటలోని మనుషులు తలుపుల్లో ఇరుక్కోరు కదా. డైకటానాను ముంచినవి మూడు సాంకేతిక నిర్ణయాలు: నడిమధ్యలో ఇంజన్ (ఆటను నడిపించే అడుగు సాఫ్ట్‌వేర్) మార్చడం, ఇద్దరు తోడువాళ్ల ప్రాణాన్ని ఆటగాడి ప్రాణానికి ముడివేయడం, సేవ్ చేసుకోవడానికి రేషన్ పెట్టడం. వీటిలో ఏ ఒక్కటీ విడిగా ఆటను చంపేటంతటిది కాదు. మూడూ ఒకదానిమీద ఒకటి పడటంతో మోయలేని బరువైంది. ఆ మూడింటిలో రెండింటిని ఇవాళ మన ఇంట్లో కూర్చుని విప్పేసుకోవచ్చు. విప్పాక మిగిలే ఆటలో కనీసం సగభాగం ఆడదగ్గదని మా గట్టి నమ్మకం.

ముందు ఆట సంగతి క్లుప్తంగా. 2455లో క్యోటోలో హిరో మియమోటో అనే కత్తివీరుడు. కాగే మిషిమా అనేవాడు డైకటానా అనే మహిమగల కత్తిని చేజిక్కించుకుని చరిత్రను తిరగరాశాడు. దాన్ని సరిచేయడానికి హిరో నాలుగు కాలాలు తిరుగుతాడు: 2455 జపాన్, క్రీస్తుపూర్వం 1200 నాటి గ్రీసు, క్రీస్తుశకం 560 నాటి నార్వే, 2030 నాటి శాన్ ఫ్రాన్సిస్కో. మొత్తం 24 లెవెల్స్. కాలం మారినప్పుడల్లా ఆయుధాలు, శత్రువులు, గోడలు, ఆకాశం సమస్తం మారిపోవాలి. అంటే ఒక ఆట పేరుతో నాలుగు ఆటల బొమ్మలు గీయాలి. దీన్ని ఏడు నెలల్లో ముగిద్దామనుకున్నారు. ఆ లెక్క మొదట్లోనే తప్పింది.

ఆనకట్ట మట్టం మార్చినట్టు

క్వేక్ 1996 జూన్‌లో వచ్చింది. డైకటానా పని 1997లో ఆ ఇంజన్ మీదే మొదలైంది. ఆ ఏడాది జూన్‌లో అట్లాంటాలో జరిగిన ఈ3 అనే వీడియో ఆటల ప్రదర్శనలో ఐడీవాళ్లు క్వేక్ 2 చూపించారు. త్రీడీ కార్డు మీద నునుపుగా నడుస్తూ, గోడల మీద రంగురంగుల వెలుగులు పడుతూ ఉంటే, దాని ముందు తమ ఆట పాతబడిపోయినట్టు రొమేరోకు కనిపించింది. కొత్త ఇంజన్‌కు మారదామని నిర్ణయించారు. కోడ్ చేతికొచ్చాక చూస్తే, కొన్ని వారాల్లో అయిపోతుందనుకున్న మార్పు ఏడాదికి దగ్గరగా పట్టింది. 1999 జనవరికి గానీ ముగియలేదు.

ఎందుకంత కాలం? ధవళేశ్వరం నుంచి కాలువలు తవ్వడం సగమయ్యాక ఆనకట్ట మట్టం మార్చారనుకోండి. తవ్వినచోట మట్టి వృథా కాదు గానీ ప్రతి తూమూ, ప్రతి లాకూ, ప్రతి పంటబోదె వాలూ మళ్లీ కొలుచుకోవాలి. డెల్టాలో పుట్టినవాళ్లకు ఇంతకంటే వివరించక్కర్లేదు. ఇంజన్ మార్పులో సరిగ్గా అదే జరిగింది.

వెలుగు సంగతే చూద్దాం. క్వేక్‌లో గోడమీద ఒక చోట పడే వెలుగు అంటే ఎంత కాంతి అనే ఒక్క అంకె. క్వేక్ 2 లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు. ఇది ఆట నడుస్తుండగా లెక్కగట్టేది కాదు. లెవెల్ కట్టడం అయ్యాక ఒకసారి లెక్కవేయించి ఫైల్లో అచ్చుపోసి పెట్టేది. కాబట్టి ఇంజన్ మారితే అప్పటిదాకా కట్టిన ప్రతి గదిలోనూ దీపాలు మళ్లీ పెట్టాలి, రంగులు మళ్లీ ఎంచాలి, లెక్క మళ్లీ వేయించాలి.

వెలుగుకన్నా లోపలి తర్కం ఇంకా కష్టం. క్వేక్‌లో శత్రువుల నడవడిక, తుపాకుల దెబ్బ, తలుపుల పని అంతా క్వేక్‌సీ అనే చిన్న భాషలో రాసేవారు. ఇంజన్ దాన్ని చదువుకుంటూ నడిపేది. క్వేక్ 2 లో ఆ భాషే లేదు. నేరుగా సీ భాషలో రాసి డీఎల్ఎల్‌గా, అంటే ఇంజన్ తెచ్చుకుని నడిపే ప్రోగ్రామ్ ఫైలుగా, కట్టాలి. అంటే రాసినదంతా అనువాదం కాదు, పునర్లేఖనం.

ఈ మధ్యలోనే, 1998 నవంబర్లో, బృందంలో ఎనిమిదిమంది ఒక్కసారిగా వెళ్లిపోయారు. ఏ గది ఎందుకలా కట్టారో తెలిసిన చేతులు అవి. 1999 ఈ3లో చూపించిన నమూనా సెకనుకు 12 ఫ్రేములతో ఈడ్చుకుంటూ నడిచింది. ఈలోగా బయట కాలం ఆగలేదు. 1998 మేలో అన్‌రియల్, నవంబర్లో హాఫ్-లైఫ్, 1999 చివర్లో అన్‌రియల్ టోర్నమెంట్, క్వేక్ 3 అరీనా అనే ఆటలు వచ్చేశాయి. డైకటానా 2000లో బయటపడేసరికి దాని ముఖం 1997 నాటిదిగా ఉంది. పాత ఆటలంటేనే ఇష్టపడి ఇవాళ ఆడేవాళ్లకు ఆ ముఖం అడ్డంకి కాదు. అప్పుడు కొన్నవాళ్లకు మాత్రం అది మోసంలా అనిపించింది.

పంటు ఎందుకు రాలేదు

అసలు చిక్కు తోడువాళ్లది. సూపర్‌ఫ్లై జాన్సన్ అనే భారీ మనిషి, మికికో ఎబిహారా అనే యువతి హిరో వెంట నడుస్తారు. దాడి చెయ్యి, ఆగు, రా, అది తీసుకో అని ఆదేశాలివ్వొచ్చు. వాళ్లలో ఎవరు చచ్చినా మీ ఆట ముగిసినట్టే. లెవెల్ చివరి తలుపు దగ్గరికి వాళ్లు రాకపోతే మీరూ దాటలేరు. సూపర్‌ఫ్లైని వదిలి వెళ్లలేనని హిరో అనే మాట ఈ ఆట ఆడినవాళ్లలో సామెతలా నిలిచిపోయింది.

ఈ ఆలోచన తన కాలానికి చాలా ముందుంది. లోపం దాని కిందున్న నేలలో ఉంది. క్వేక్ 2 ఇంజన్‌తో వచ్చే మామూలు శత్రువుకు దారి వెతకడం రాదు. మీవైపు తిన్నగా నడుస్తాడు. అడ్డం తగిలితే మరో దిక్కు ఎంచుకుని కొంత నడిచి, మళ్లీ మీవైపు తిరుగుతాడు. 18 యూనిట్ల ఎత్తు మెట్టు ఎక్కగలడు, అంతకు మించితే అతనికది గోడే. ఆటగాడి శరీరాన్ని ఇంజన్ 32 యూనిట్ల వెడల్పు, 56 యూనిట్ల ఎత్తు పెట్టెగా చూస్తుంది గనక, 18 అంటే మోకాలి ఎత్తనుకోండి. శత్రువు విషయంలో ఈ తెలివి సరిపోతుంది. వాడు స్తంభం వెనక చిక్కుకుంటే మీకే లాభం. తోడు అలా చిక్కుకుంటే మీరు ముందుకు కదల్లేరు.

అందుకే లెవెల్ నిండా కంటికి కనిపించని గుర్తులు నాటి, వాటిని గీతలతో కలిపి, తోడువాళ్లు ఆ గీతల వెంట నడిచేలా చేయాల్సి వచ్చింది. వీటిని నోడ్లు అంటారు. వశిష్ఠ పాయలో నరసాపురం వైపు నుంచి సఖినేటిపల్లి వైపుకు పంటు (ఏరు దాటించే పడవ) ఎలా పోతుందో ఇదీ అంతే. పంటుకు తెలిసింది ఈ రేవు, ఆ రేవు. నడుమ ఒడ్డు మీద మీరు నిలబడి ఎంత చెయ్యి ఊపినా అక్కడికి రాదు. మీరు కనబడటం లేదని కాదు, అక్కడ రేవు లేదు. ఆటలో మీరు ఒక పెట్టె మీదికి ఎగిరి, అక్కడి నుంచి కిటికీ గుండా అవతలి గదిలోకి దూకారంటే, రేవు లేని లంకలోకి వెళ్లినట్టే. తోడు గోడకు ముఖం పెట్టి నిలబడిపోతుంది.

లిఫ్టులు, తలుపులు దగ్గరికొస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. అవి కాలువ మీద లాకుల్లాంటివి. పడవ లాకులోకి రావాలి, వెనక తలుపు మూయాలి, నీటి మట్టం సమం కావాలి, అప్పుడే ముందు తలుపు తీయాలి. ఆ క్రమం చూసుకోవడానికి లాకు దగ్గర మనిషి ఉండేవాడు. ఆటలో లిఫ్టు అంటే కదిలే నేల. అది కిందున్నప్పుడు ఒక నోడ్‌కు దగ్గర, పైనున్నప్పుడు మరోదానికి దగ్గర. కాగితం మీద రెండు నోడ్ల మధ్య గీత ఉంది, కానీ ఈ క్షణంలో ఆ గీత కింద నేల ఉందా లేదా? ఆ సంగతి పట్టించుకోకపోతే తోడు ఖాళీ గొయ్యిలోకి అడుగేస్తుంది, లేదా దిగుతున్న లిఫ్టు కిందే నిలబడుతుంది. ఈ ఇంజన్‌లో కదిలే తలుపులు, లిఫ్టులు తమకు అడ్డొచ్చినవాళ్లను నలిపేయగలవు. ప్రాణం పోతుంది, దాంతో మీ ఆటా పోతుంది.

ఇంకొక సంగతి. గోడ ఒకటి జరిపినా, మెట్టు ఒకటి పెంచినా నోడ్లు మళ్లీ సరిచూసుకోవాలి. ఇంజన్ మారి, చేతులు మారి, లెవెల్స్ మళ్లీ మళ్లీ సవరిస్తున్న ప్రాజెక్టులో ఇదెంత పనో ఊహించుకోవచ్చు. మొదటి నిర్ణయం రెండోదాన్ని తొక్కింది ఇక్కడే.

హాఫ్-లైఫ్ కూడా క్వేక్ ఇంజన్ నుంచి పుట్టినదే. అందులో బార్నీ అనే కాపలాదారు పిలిస్తే వెంట వస్తాడు, తుపాకీ పేలుస్తాడు. ఏదైనా తలుపు తీయించుకోవాల్సిన చోట్ల తప్ప, అతను పోతే పోయినట్టే, ఆట సాగిపోతుంది. అందుకే అతని తెలివితక్కువతనం మనకు ముద్దొస్తుంది. 2013లో వచ్చిన బయోషాక్ ఇన్ఫినిట్ ఆటలో తోడుగా వచ్చే ఎలిజబెత్‌ను మీరు కాపాడనక్కర్లేదు, పోరులో ఆమెకు చావు లేదు. దారితప్పినా ప్రాణనష్టం లేకుండా చేయడమే పరిష్కారమని ఈ రంగం తేల్చుకుంది.

మరి తోడువాళ్లను తీసేస్తే అంతా బాగుపడుతుందా? అలా అనుకోకూడదు. టీవీకి తగిలించే ఆటల యంత్రం నింటెండో 64 కోసం చేసిన రూపంలో వాళ్లు కథా సన్నివేశాల్లో కనబడతారు గానీ ఆటలో వెంట నడవరు. అయినా అది అసలుకన్నా తీసికట్టుగానే తేలింది. పొగమంచు కమ్మిన తెరతో, అరిగిపోయిన బొమ్మలతో ఉంటుంది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ కలర్ యంత్రపు రూపం పైనుంచి చూస్తూ ఆడే వేరే రకం ఆట. చిన్నదైనా పొందికగా ఉంటుంది.

రేషన్ సేవ్, తిరగబడే తుపాకులు

మూడో నిర్ణయం సేవ్ రత్నాలు. తోచినప్పుడల్లా సేవ్ చేసుకునే వీలు తీసేసి, దారిలో దొరికే రత్నాలను ఖర్చుపెడితేనే సేవ్ అయ్యేలా పెట్టారు. ఒకసారికి మూడుకు మించి దాచుకోలేరు. ప్రాణభయం ఉంటేనే ఉత్కంఠ ఉంటుందన్నది ఉద్దేశం. ఒంటరి వీరుడి ఆటలో ఆ ఉద్దేశం ఫలించేది.

తోడువాళ్లతో కలిపి లెక్క చూడండి. ఇది ఊహాలెక్క మాత్రమే. ఒక్కో గదిలో ఒక్కో తోడు క్షేమంగా బయటపడే అవకాశం నూటికి 97 అనుకుందాం. చాలా మంచి అంకెలాగే ఉంది కదా? ఇద్దరు తోడువాళ్లు, సేవ్ లేకుండా 20 గదులు అంటే 0.97ను 40 సార్లు గుణించాలి. వచ్చేది దాదాపు 0.30. అంటే పదిసార్లు బయల్దేరితే ఏడుసార్లు, మీ తప్పు ఏమీ లేకుండానే, మొదటికి రావాలి. ప్రతి ఐదు గదులకూ సేవ్ చేసుకోగలిగితే అదే అవకాశం 0.74కు చేరుతుంది. నోడ్లలో ఒక్క లోపం కూడా దిద్దకుండానే ఆట రెండింతలకు పైగా సులువైంది. తర్వాత వచ్చిన అధికారిక ప్యాచ్‌లో (ఆటకు వేసే సవరణ ఫైలు) రత్నాల గొడవ లేకుండా సేవ్ చేసుకునే ఎంపిక పెట్టారు. అప్పటికే సమీక్షలు అచ్చయిపోయాయి.

సమీక్షకులు ముందుగా చూసింది మొదటి అంకాన్నే, అంటే 2455 జపాన్‌నే. దురదృష్టవశాత్తూ నాలుగింటిలో అది అతి బలహీనం. మొదలవడమే చిత్తడినేల. ఆకుపచ్చని మసక, మురికినీరు, కాళ్ల దగ్గర గెంతే యంత్రపు కప్పలు, ముఖం చుట్టూ తిరిగే యంత్రపు దోమలు. కోరింగ మడ అడవుల అంచున సాయంత్రం నిలబడినవాళ్లకు ఆ వాతావరణం పోల్చుకోదగ్గదే. కానీ గురి చూసి కాల్చే ఆటలో మొదటి శత్రువులుగా ఇవి తప్పు ఎంపిక. మౌస్ గుర్తు కంటి ఎత్తులో ఉంటుంది. కప్ప పాదాల దగ్గర ఉంటుంది. దోమ చిన్నది, తిన్నగా ఎగరదు. మొదటి పది నిమిషాలూ నేలకేసి, గాలికేసి కాల్చడంతోనే సరిపోతుంది.

ఆ అంకపు ఆయుధాలు దీనికి తోడయ్యాయి. చేతిలో ఉండే అయాన్ బ్లాస్టర్ తూటాలు గోడకు తగిలి వెనక్కి వస్తాయి, ఇరుకు దారిలో అవి మిమ్మల్నే తాకుతాయి. షాట్‌సైక్లర్ అనే తుపాకీ ఒక్కసారి నొక్కితే ఆరు గుండ్లూ వరసగా పేలుస్తుంది, మధ్యలో ఆపలేరు. మూడో గుండుకు శత్రువు చచ్చినా మిగిలిన మూడూ గోడపాలు. షాక్‌వేవ్ పేలితే దాని అల మీదాకా వస్తుంది. వీటిలో ఏదీ విశాలమైన మైదానంలో చెడ్డ ఆయుధం కాదు. కానీ ఇరుకు నడవలు, మీదికొచ్చే తూటాలు, మీ ముందే నడిచే తోడు, మూడు రత్నాలు అన్నీ ఒకేచోట కలిశాయి.

గ్రీసులో అడుగుపెట్టగానే గాలి మారుతుంది. ఎండ, తెల్లరాయి, తెరిపి ఉన్న ముంగిళ్లు. డెడలస్ చక్రం విసిరితే విష్ణుచక్రంలా తిరిగి చేతికొస్తుంది. దాని రాకపోకల లయకు చెయ్యి అలవాటు పడ్డాక పోరాటం నిజంగా హాయిగా ఉంటుంది. నార్వే అంకం తెగులు పట్టిన పల్లె, మంచు, మాంత్రికుల కోటలు. మొత్తం ఆటలో మనసుపెట్టి కట్టినది ఇదేనని మా అభిప్రాయం. శాన్ ఫ్రాన్సిస్కో అంకం మళ్లీ తుపాకులు, ఇనుప మెట్లు. పర్వాలేదు.

ఇవాళ పెట్టుకునే తీరు

ఆట గాగ్, స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణాలు రెండింటిలోనూ డిజిటల్‌గా దొరుకుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. ఈ కాలపు ఆటలు సెట్టింగులను, సేవ్‌లను తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి. విండోస్ అక్కడ రాయనివ్వదు, లేదా గుట్టుగా మరోచోటికి మళ్లిస్తుంది. అప్పుడు సేవ్ చేసినది మర్నాడు కనబడదు. డీ డ్రైవ్‌లో ఆటలు అని మామూలు ఫోల్డర్ చేసుకుని అందులో పెట్టండి.

తర్వాత అభిమానులు తయారుచేసిన 1.3 ప్యాచ్ వేయాలి. రొమేరో దగ్గర్నుంచి అందిన అసలు కోడ్ మీద పనిచేసి చేసిన సవరణ ఇది, పైపై అతుకు కాదు. వెడల్పు తెరలు, కొత్త విండోస్, లినక్స్ మీద నడవడం, బోలెడన్ని లోపాల దిద్దుబాటు, అన్నిటికన్నా ముఖ్యంగా తోడువాళ్లు లేకుండా ఆడే వీలు ఇందులో ఉన్నాయి. వేసేముందు ఆట ఫోల్డర్ మొత్తాన్ని ఒక నకలు తీసి పక్కన పెట్టండి. తేడా వస్తే మళ్లీ డౌన్‌లోడ్ చేసే పని తప్పుతుంది.

తెర విషయానికొస్తే, ఆట పాత 4:3 మానిటర్‌కు 90 డిగ్రీల చూపుతో (అడ్డంగా ఎంత మేర కనబడుతుందనే కోణం) తయారైంది. ఇప్పటి 16:9 తెర మీద అదే 90 ఉంచితే పైనా కిందా కోసుకుపోయి, బొమ్మ దగ్గరికి లాగినట్టు ఉంటుంది, కప్పలు మరీ కనబడవు. సరైన లెక్క 106 డిగ్రీలు. 16:10 ల్యాప్‌టాప్ అయితే 100. ప్యాచ్ దీన్ని తానే సరిచేసిందేమో ముందు చూసుకుని, లేకపోతేనే మార్చండి. రెండుసార్లు మారిస్తే అంచులు సాగిపోతాయి. ఫ్రేముల సంఖ్యకు పగ్గం వేయండి, 60 నుంచి 125 లోపు ఉంచండి. క్వేక్ కుటుంబపు ఇంజన్లు కాలాన్ని పూర్తి మిల్లీసెకన్లలో కొలుస్తాయి. సెకనుకు వందలకొద్దీ ఫ్రేములు పరుగెత్తితే ఆ సర్దుబాటు తేడాలు పోగుపడి, గెంతు ఎత్తు, కదలిక తీరు మారిపోవచ్చు. విండోస్ మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ ప్రెసిషన్ అనే టిక్కు తీసేయండి.

అసలు ప్యాచ్ లేకుండా పాత సీడీ నుంచి ఆడబోతే ఆట మొదలవగానే మూసుకుపోవచ్చు. ఈ కుటుంబపు పాత ఆటల్లో తరచూ కనిపించే కారణం ఒకటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్ తనకు తెలిసిన ఓపెన్‌జీఎల్ (త్రీడీ బొమ్మలు గీయించే పద్ధతి) విద్యలన్నిటి జాబితాను ఆటకు ఇస్తుంది. 2000లో అది చిన్న చిట్టా. ఆట దానికి కొలిచి చిన్న సంచీ పెట్టుకుంది. నేటి డ్రైవర్ ఇచ్చే జాబితా ఆ సంచీలో పట్టక పొంగిపొర్లి పక్క మెమరీని చెరుపుతుంది. ఎన్విడియా కార్డుల సెట్టింగుల్లో ఈ జాబితాను కుదించే ఎంపిక ఉంటుంది.

రోనిన్, సామురాయ్, షోగన్ అని మూడు స్థాయిలున్నాయి. రోనిన్‌తో మొదలుపెట్టండి. తొలిసారి తోడువాళ్లు లేకుండా, అపరిమిత సేవ్‌తో ఆడాలన్నది మా సలహా. అలా ఆడటం ఆటను అవమానించడం కాదు. చిత్తడి బొత్తిగా పడకపోతే కన్సోల్ (ఆటలో ఆదేశాలు టైప్ చేసే కిటికీ) నుంచి నేరుగా గ్రీసు లెవెల్‌కు వెళ్లొచ్చు. కాకపోతే మొదటి అంకంలో సంపాదించే అనుభవం చేతిలో ఉండదు.

ఆ అనుభవం సంగతి చాలామంది పట్టించుకోరు. శత్రువులను చంపేకొద్దీ పాయింట్లు వస్తాయి. వాటిని ఐదింటిమీద పెట్టొచ్చు: దెబ్బ బలం, కాల్చే వేగం, పరుగు, గెంతు, ఆరోగ్యం. మొదట దెబ్బ బలం, ఆరోగ్యం మీద పెట్టండి. గెంతు తర్వాత చూసుకోవచ్చు. డైకటానా కత్తితో చంపితే ఆ అనుభవం మీకు రాదు, కత్తికే పోతుంది. మొదట్నుంచీ కత్తినే నమ్ముకున్నవాళ్లు చివర్లో బలమైన కత్తితో, బలహీనమైన ఒంటితో మిగులుతారు. ఎవరిని పెంచాలో ముందే తేల్చుకోండి. గ్రీసులో దొరికే జ్యూస్ నేత్రం ఎదుట శత్రువులు ఉన్నప్పుడే వాడాలి. ఖాళీ గదిలో ప్రయోగిస్తే పిడుగు మీమీదే పడుతుంది.

రెండోసారి తోడువాళ్లతో ఆడాలనుకుంటే ఒక క్రమం ఉంది. గది బయట ఆగమని చెప్పండి, లోపలికెళ్లి ఖాళీ చేయండి, తర్వాత పిలవండి. పిలిచేటప్పుడు మీరు మామూలు దారిలో, నేల మీద, గుమ్మానికి కాస్త దూరంగా నిలబడండి. గుమ్మంలోనే నిలబడితే ఇద్దరూ ఒకరికొకరు అడ్డం. లిఫ్టు దగ్గర వాళ్లు పూర్తిగా ఎక్కి కదలకుండా నిలిచాక మీట నొక్కండి. అడ్డదారి కనిపించినా, గెంతి వెళ్లగలిగినా, వాళ్లతో ఉన్నంతసేపు మెట్లదారే పట్టండి. వాళ్లకు ఆయుధం, మందు మీరే చూపించి తీసుకోమనాలి. వట్టిచేతులతో వెంటవస్తున్న తోడును పోరులోకి పంపితే ఫలితం తెలిసిందే.

పాత సీపీయూ మీదే ఆడేవాళ్లకు

అటక మీద పెంటియం 3 కాలపు కంప్యూటర్ ఉండి, దానిమీదే ఆడాలనే కోరిక ఉన్నవాళ్లు మన జిల్లాల్లో కొంతమంది ఉన్నారు. అమలాపురం, నరసాపురం, కాకినాడ చుట్టూ ఉప్పుగాలి, వానాకాలపు చెమ్మ ఆ యంత్రాలకు మొదటి శత్రువు. ఆన్ చేయకముందే మూత తీసి చూడండి. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే, అడుగున గోధుమరంగు కారి ఉంటే కరెంటు ఇవ్వకండి, ముందు వాటిని మార్పించండి. ర్యామ్ కడ్డీల బంగారురంగు అంచును మెత్తటి పెన్సిల్ రబ్బరుతో తుడిచి, పొడి దులిపి మళ్లీ బిగించండి. తెర రాకుండా బీప్ మాత్రమే కొట్టే పాత కంప్యూటర్లలో చాలావాటికి ఈ ఒక్క పనితో ప్రాణమొస్తుంది. తేదీ నిలవకపోతే సీఆర్2032 బ్యాటరీ మార్చండి.

విండోస్ 98 వేస్తే ర్యామ్ 512 ఎంబీ దాటించకండి. ఎక్కువ ఉంటే మంచిదనిపిస్తుంది గానీ, దాని డిస్క్ క్యాష్ లెక్క అంతకుమించి తడబడి, మెమరీ లేదనే విచిత్రమైన తప్పు చూపిస్తుంది. ఏజీపీ కార్డు (ఆ కాలపు గ్రాఫిక్స్ కార్డు) కొనేముందు గాడి చూడండి. 3.3 వోల్టుల గాడి, 1.5 వోల్టుల గాడి వేర్వేరు చోట్ల ఉంటాయి. పట్టకపోతే బలవంతంగా దించకూడదు. సీడీ మీద బూజు మచ్చలుంటే నడిమి నుంచి అంచుకు తిన్నగా మెత్తటి బట్టతో తుడిచి, చదవగలిగినప్పుడే హార్డ్ డిస్కుకు నకలు తీసేయండి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంటే పడి డ్రైవు చదవలేకపోతుంది. కరెంటు కోతల వేళ యూపీఎస్ తప్పనిసరి. సేవ్ రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడవుతుంది కాబట్టి ఒకే పేరు మీద కాక, రెండు మూడు పేర్లతో మార్చి మార్చి సేవ్ చేయండి.

డైకటానాను దాని తయారీదారులు ఊహించినట్టు చూడాలంటే ఇంకో దారి ఉంది. కలిసి ఆడే పద్ధతిలో హిరో, సూపర్‌ఫ్లై, మికికో ముగ్గురూ మనుషులే. నోడ్లు, రేవులు, లాకుల గొడవ ఉండదు. లిఫ్టు కింద నిలబడొద్దని పక్క కుర్చీలోని తమ్ముడికి కేకేస్తే సరిపోతుంది. మూడు కంప్యూటర్లు, ఒక చిన్న స్విచ్, మూడు లాన్ కేబుళ్లు చాలు. మూడింటిలోనూ ఒకే ప్యాచ్ వెర్షన్ ఉండాలి, ఫైర్‌వాల్‌లో ఆటకు ప్రైవేట్ నెట్‌వర్క్ అనుమతి ఇవ్వాలి, ఇంటర్నెట్ అక్కర్లేదు. మూడింటిలో గట్టి యంత్రాన్ని సర్వర్‌గా పెట్టి, గ్రీసు నుంచి మొదలుపెట్టండి.